ముందు గ్రిప్, ఆ తర్వాతే సైట్

అమ్మలూ,

ఫోటోలు చూశాను. సెకండ్ హ్యాండ్ అయినా నీ మ్యాచ్ ఎయిర్ పిస్టల్ బాగానే ఉంది, వాడినవాళ్ళు శ్రద్ధగా చూసుకున్నారు. గ్రిప్ (చేత్తో పట్టుకునే చెక్కపిడి) మాత్రం ఎవరో పెద్దచేతి మనిషిది, నీ వేళ్ళు చుట్టూ తిరిగి అందడం లేదని ఫోటోలోనే తెలుస్తోంది. జర్మనీ నుంచి రింక్ కంపెనీ గ్రిప్ తెప్పించనా, దాంతోపాటే గురి చూసే సైట్లు కూడా, అంటే బ్యారెల్ కొసన ఉండే ఫ్రంట్ సైట్, కంటివైపు ఉండే రియర్ సైట్ ప్లేట్ కొత్తవి తెప్పించనా అని అడిగావు. తెప్పించుకో, కాదనను. కానీ రెండూ ఒకేరోజు బిగించకు. గ్రిప్ మారితే మణికట్టు కోణం మారుతుంది, మణికట్టు మారితే సైట్లు కంటి ముందుకొచ్చే తీరు మారుతుంది, జీరో (గురి పెట్టినచోటే దెబ్బ పడేలా చేసుకున్న సైట్ల అమరిక) కూడా జరుగుతుంది. అన్నీ కలిపి మార్చేస్తే స్కోరు పడిపోయినప్పుడు తప్పు ఎక్కడుందో ఆ దేవుడు కూడా చెప్పలేడు.

అసలు గ్రిప్పే కారణమా అన్నది ముందు తేల్చుకో. పెల్లెట్ లేకుండా, కాల్చే లైన్ దగ్గర నిలబడి, పిస్టల్ ఎత్తి కళ్ళు మూసుకో. చెయ్యి కుదురుకున్నాక కళ్ళు తెరువు. సైట్లు రెండూ ఒక వరసలో ఉండి మొత్తం పిస్టలే టార్గెట్‌కి పక్కగా చూస్తుంటే అది కాళ్ళ సంగతి, పాదాలు కాస్త జరుపుకుంటే సరిపోతుంది, గ్రిప్ జోలికి వెళ్ళకు. అలాకాకుండా ఫ్రంట్ సైట్ నాచ్‌లో (రియర్ సైట్‌కి ఉండే గాడిలో) ఒక పక్కకి ఒరిగో, పైకి లేచో, కిందికి దిగిపోయో కనిపిస్తుంటే, అదీ ఎత్తిన ప్రతిసారీ ఒకేలా ఉంటే, అది గ్రిప్ సంగతి. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని కాళ్ళతో పోయేదానికి ఆకురాయి పట్టుకుంటారు.

దీన్ని ఇంతగా ఎందుకు సాగదీస్తున్నానంటే, లెక్క చూడు. ఎయిర్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 350 మిల్లీమీటర్లు అనుకో, టార్గెట్ 10 మీటర్లు. నాచ్‌లో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే టార్గెట్ మీద దెబ్బ 28 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. టార్గెట్ నడిమధ్య ఉండే పది రింగు మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు, అక్కణ్ణుంచి బయటికి ఒక్కో రింగుకీ తేడా 8. అంటే పది రింగులో పడాల్సింది ఏడులోకో, దానికి ఆనుకునో పోతుంది. అదే సైట్లు వరసలో ఉండి చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు ఊగితే టార్గెట్ మీద కూడా మిల్లీమీటరే, దానివల్ల కొంప మునగదు. అందుకే చెయ్యి వణుకుతోందని టెన్షన్ పడకు, సైట్లు వరస తప్పుతున్నాయేమో చూసుకో. మంచి గ్రిప్ చేసే పని కూడా అదే, నువ్వు తలుచుకోకుండానే సైట్లను వరసలో తెచ్చి నిలబెట్టడం.

ఇక బిగించే పని. గాలి సిలిండర్ విప్పి పక్కన పెట్టు, బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూసి, ఖాళీ అని చూపించే సేఫ్టీ ఫ్లాగ్ అందులో దూర్చు, ఆ తర్వాతే అలెన్ కీ ముట్టుకో. కొత్త గ్రిప్ వచ్చాక వెంటనే గీకడం మొదలుపెట్టకు. సైజు సరైనదే అయినా మొదట్లో కొత్త చెప్పుల్లాగా ఎక్కడో ఒకచోట కరుస్తుంది, కొన్నాళ్ళు డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చేశాక కూడా అక్కడే నొప్పి పుడుతుంటే అప్పుడు చూద్దాం. అరచేతికి టాల్కం పౌడర్ పల్చగా రాసుకుని గ్రిప్ పట్టుకుని వదులు. పౌడర్ అంటినచోట చెయ్యి తగులుతోంది, అంటనిచోట ఖాళీ ఉంది. నడిమి వేలు ట్రిగ్గర్ గార్డ్ కిందికి బాగా ఆనాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చీలిక ఎంత పైకి వెళ్తే అంత మంచిది. చూపుడు వేలు మాత్రం ట్రిగ్గర్‌కి తప్ప ఇంకెక్కడా తగలకూడదు. చెక్కకి ఏ మాత్రం రాసుకున్నా ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ పిస్టల్ పక్కకి కదులుతుంది, అక్కడ మాత్రం నిర్మొహమాటంగా గీకెయ్.

ఖాళీలు నింపడానికి తొందరపడి ఎం-సీల్ (పిసికి పెడితే గట్టిపడే ముద్ద) కొనుక్కురాకు. ముందు ఇన్సులేషన్ టేప్ ముక్కలు పొరలుగా అంటించి చూడు. టేప్‌తో కళ్ళుమూసే పరీక్ష మళ్ళీ చెయ్యి, ఫ్రంట్ సైట్ మధ్యలోకి వస్తే అప్పుడు ఆ మందంలోనే ఎం-సీల్ పెట్టు. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, అది మెత్తగా ఉండగానే పిస్టల్ ఎత్తి పట్టుకునే పట్టుతోనే ఒత్తు. టేబుల్ మీద పెట్టి పిసికితే ఆ అచ్చు ఎందుకూ పనికిరాదు. గట్టిపడ్డాక సగం గుండ్రం ఆకురాయితో, తర్వాత ఎమరీ పేపర్‌తో సరిచెయ్యి, దుమ్ము పీల్చకుండా మాస్క్ పెట్టుకో. గ్రిప్ మీదున్న గరుకు చుక్కలు మాత్రం అరగదీయకు. మన ఎండలకి, అందులోనూ విజయవాడ ఉక్కపోతకి, చెమట చేతిలో నున్నటి చెక్క నిలవదు.

కింద అరచేతి అంచుని మోసే పామ్ షెల్ఫ్ దగ్గరే అందరూ అతి చేస్తారు. గట్టిగా పైకి బిగిస్తే పిస్టల్ చేతికి అతుక్కుపోయినట్టు హాయిగా ఉంటుంది, పది షాట్ల తర్వాత వేళ్ళు తెల్లబడి వణుకు మొదలవుతుంది. చెయ్యి సులువుగా దూరి, సులువుగా బయటికొచ్చేంత ఉంటే చాలు. మ్యాచ్ అంటే 60 షాట్లు, 75 నిమిషాలు.

గ్రిప్ కుదిరిందనిపించాక ట్రిగ్గర్‌ని ముందుకో వెనక్కో జరుపుకుని, వేలి మొదటి కణుపు మెత్తటి భాగం నేరుగా పడేలా పెట్టుకో. ఆ తర్వాత ట్రిగ్గర్‌కి బరువు తగిలించి చూసుకో, 500 గ్రాములు ట్రిగ్గర్ పడిపోకుండా నిలవాల్సిందే.

ఇప్పుడు సైట్లు. అకాడమీలో సీనియర్ 4.5 మిల్లీమీటర్ల ఫ్రంట్ సైట్ వాడుతోంది కాబట్టి నాకూ అదే అన్నావు. ఆమె చెయ్యి పొడుగు, నీది పొట్టి. చెయ్యి పొట్టిదైతే రియర్ సైట్ కంటికి దగ్గరవుతుంది, నాచ్ పెద్దగా, అందులో ఫ్రంట్ సైట్ సన్నగా కనిపిస్తుంది. ఆమెకి సరిపోయిన కొలతలే నీకు పెడితే రెండు పక్కలా వెలుతురు ఎక్కువైపోయి ఫ్రంట్ సైట్ ఎక్కడ నిలబడిందో కంటికి ఆనదు. అలాంటప్పుడు ఫ్రంట్ సైట్ కొంచెం వెడల్పుది వెయ్యాలి, లేదా నాచ్ బిగించాలి. మరీ బిగించినా కష్టమే, కన్ను ఆ సన్నగీత వెతుక్కుంటూ అలిసిపోతుంది. నీ పిస్టల్‌లో నాచ్ వెడల్పు స్క్రూతో మారుతుంది కదా, ముందు దాంతోనే ఆడుకో, డబ్బు తర్వాత ఖర్చు పెట్టొచ్చు. నువ్వు రోజూ కాల్చే లైటింగ్‌లోనే చూసుకో, బాల్కనీలో ఎండలో కాదు.

సైట్ మెరుస్తుంటే ఫ్రంట్ సైట్ ఊడదీసి, హారతి కర్పూరం వెలిగించి ఆ మసి పట్టించు. పాతకాలం పద్ధతే గానీ ఇంత నల్లటి నలుపు ఏ స్ప్రేతోనూ రాదు.

ఇక క్లిక్కుల సంగతి, అంటే రియర్ సైట్ జరిపే స్క్రూ మెట్టు మెట్టుగా తిరగడం. స్క్రూ మీదున్న అక్షరాలని, బాణాలని నమ్ముకుని తిప్పకు, కంపెనీకో తీరు రాస్తారు. ఐదు షాట్లు కాల్చు, పది క్లిక్కులు ఒకే వైపు తిప్పి మళ్ళీ ఐదు కాల్చు, గ్రూప్ (ఐదు దెబ్బలూ పడిన గుంపు) ఎటు, ఎంత జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకో. ఒక్క చెడ్డ షాట్ పడగానే స్క్రూడ్రైవర్ తియ్యకు.

రూల్స్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నాను. పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఈ 50 దగ్గరే జాగ్రత్త, రెండు పక్కలా ఎం-సీల్ పెంచుకుంటూ పోతే వెడల్పు దాటిపోతుంది. పామ్ షెల్ఫ్‌కీ గ్రిప్‌కీ మధ్య కోణం 90 డిగ్రీల కంటే తగ్గకూడదు, గ్రిప్ మణికట్టుకి తగలకూడదు. అద్దాలు, లేజర్లు, టెలిస్కోపులు పిస్టల్ మీద కుదరవు. చూపు కోసం లెన్స్ కావాలంటే నీ షూటింగ్ ఫ్రేమ్‌కి పెట్టుకో.

పిస్టల్ షూటర్ ఈషా సింగ్ మన హైదరాబాద్ అమ్మాయే కదా పెదనాన్నా, ఆమె ఫోటోలో ఉన్నట్టే గ్రిప్ చేయించుకుంటానంటున్నావు. ఫోటో చూసి గ్రిప్ ఆర్డర్ చెయ్యకు తల్లీ. తెల్లకాగితం మీద కుడిచెయ్యి పెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీసి, అరచేతి వెడల్పు మిల్లీమీటర్లలో రాసి ముందు నాకు పంపు. పాత గ్రిప్ అమ్మెయ్యకు, కొత్తది వచ్చేదాకా దానికే టేప్ చుట్టి కాల్చు.

మీ పెదనాన్న