వెల్డింగా, బోల్టులా?

గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న వెల్డింగ్ మేస్త్రి ఈసారి పాఠకుల సందేహాలకు చెప్పిన జవాబులు.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది మధురవాడ. నాలుగేళ్ల నాటి డబుల్ క్యాబ్ పికప్ ఉంది. నెలకోసారి స్నేహితులతో పాడేరు వైపో, బొర్రా దగ్గర కటికి జలపాతం దారిలోనో తిరుగుతాం. పోయిన నెల ఒక బండరాయి మీంచి దిగుతుంటే ఫుట్‌స్టెప్ వంగి, తలుపు కింది రేకులోకే దిగిపోయింది. అందుకని రాక్ స్లైడర్లు, అంటే రాళ్ల దెబ్బ కాచేందుకు తలుపుల కింద పొడుగునా వేసే గట్టి ఇనుప గొట్టాలు, వేయిద్దామనుకుంటున్నాను. ఒక షాపులో బండి కింది ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ కొట్టేస్తాం, రెండు గంటల పని అన్నారు. ఇంకోచోట బోల్టులు చాలన్నారు. ఎవరి మాట వినను?

జవాబు: బాబూ, ముప్పై ఏళ్లుగా రాడ్ పట్టుకునే అన్నం తింటున్నాను. అయినా మీ బండికి బోల్టులే చెబుతాను.

ముందు ఫుట్‌స్టెప్ సంగతి. దాని మీద మనిషి కాలు పెట్టి ఎక్కుతాడు, అంతే. సన్నటి పట్టీలతో తగిలిస్తారు. స్లైడర్ మీద బండే కూర్చుంటుంది. రెండు టన్నుల బండిలో సగం బరువు ఒక్క పక్క రాయి మీద పడినా తట్టుకోవాలి. జాకీ దాని కిందే పెట్టి ఆ పక్క చక్రాలు లేపగలిగితే స్లైడర్ అనండి, లేకపోతే అది అలంకారమే. కాబట్టి బిగింపు మొత్తం ఛాసిస్‌కే ఉండాలి. బాడీ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, ఛాసిస్ ఒక పక్కకి మెలిపడితే బాడీ ఇంకో పక్కకి ఊగుతుంది. కొందరు గట్టిగా ఉంటుందని స్లైడర్‌ని బాడీకి కూడా ఒక బోల్టు వేసి కలుపుతారు. ఆ బోల్టే రేకుని చింపుతుంది. స్లైడర్‌కీ తలుపు కింది రేకుకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు వదలమనండి.

ఇక కాళ్లు, అంటే స్లైడర్ గొట్టాన్ని ఛాసిస్‌కి కలిపే అడ్డ ముక్కలు. గోడకి కొట్టిన అరని గుర్తు చేసుకోండి. అంచు మీద బరువు పెడితే పై మేకు ఊడి రావాలని చూస్తుంది, కింది భాగం గోడని నొక్కుతుంది. స్లైడర్ కాలు ఛాసిస్‌ని చేసేదీ అదే. అందుకని కాలు వెనక ప్లేటు పొట్టిగా ఉంటే ఛాసిస్ గోడలో సొట్ట పడుతుంది. ప్లేటు ఛాసిస్ ఎత్తుకి దాదాపు సమానంగా ఉండాలి, ఆరు మిల్లీమీటర్ల మందం పెట్టించండి. మీది పొడుగు బండి, పక్కకి నాలుగు కాళ్లు వేయించండి. మూడుతో సరిపెడదాం అని బేరమాడకండి.

వెల్డింగ్ ఎందుకు వద్దంటున్నానో ఒక సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట ఘాట్‌లో మనుషుల్ని తిప్పే జీపొకటి నా దగ్గరికొచ్చింది. బాక్స్ పైపు కాళ్లు ఛాసిస్‌కి నేరుగా ఆనించి, నాలుగు పక్కలా నింపి కొట్టాను. చీమల బారులా ఎంత బాగా వచ్చిందో, నేనే రెండుసార్లు చూసుకున్నాను. ఎనిమిది నెలలకి డ్రైవర్ మళ్లీ వచ్చాడు. "మలుపు తిప్పితే కిర్రుమంటంది మేస్త్రీ, ఏటో చూడు" అన్నాడు. కింద పడుకుని టార్చి వేశాను. నా వెల్డింగ్ చెక్కుచెదరలేదు. దాని పక్కన, నిలువు వెల్డింగ్ గీతని ఆనుకుని, వెంట్రుకంత సన్నటి గోధుమ రంగు చార. గోరుతో గీస్తే తుప్పు పొడి రాలింది. ఛాసిస్ చీలుతోంది.

తప్పు నాదే. ఛాసిస్ ప్రతి మలుపులోనూ కొద్దికొద్దిగా మెలి తిరుగుతూ ఉంటుంది, అది దాని స్వభావం. దానికి అడ్డంగా పై నుంచి కిందికి గీత కొడితే అక్కడొక్కచోటే ఇనుము బిర్రబిగుస్తుంది, మెలి అంతా ఆ అంచు మీద పడుతుంది. పైగా వేడి తిన్న చోట ఇనుము గుణం మారిపోతుంది. ఇప్పటి బళ్ల ఛాసిస్ పల్చగా ఉన్నా గట్టి రకం ఉక్కు కాబట్టి ఆ వేడికి నష్టం ఇంకా ఎక్కువ. ఆ జీపుకి చీలిక చివర చిన్న కన్నం వేసి ముందుకి పాకకుండా ఆపి, గాడి తీసి నింపి, పైన రెండు చివర్లూ ఆకులా సన్నగా కోసిన పొడుగు ప్లేటు వేశాను. డబ్బు తీసుకోలేదు. ఎలా తీసుకుంటాను?

ఇంకొకటి. మధురవాడ నుంచి రుషికొండ సముద్రం ఎంత దూరం? పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్‌కి బయట వెల్డింగ్ చేస్తే లోపలి రంగు కూడా కాలిపోతుంది. బయట మీరు ఎన్ని కోట్లు వేసినా లోపల ఉప్పుగాలి తన పని చేసుకుపోతుంది, మీ కంటికి ఆనదు. వెల్డింగ్ తప్పదన్నవాళ్లకి ఛాసిస్‌కి కంపెనీ వదిలిన కన్నాల్లోంచి గొట్టం దూర్చి లోపలంతా మైనం స్ప్రే కొట్టించుకోమంటాను.

సరే, బోల్టులు ఎలా వేయాలి. బండి కింద పడుకుని, కంపెనీ వదిలిన కన్నాలు ఎక్కడున్నాయో ముందు చూడండి. వాటికి సరిపోయేలా ప్లేటు కోయించండి, ఛాసిస్‌ని కోయించకండి. కొత్త కన్నం తప్పనిసరైతే పక్క గోడకి నడిమధ్యన వేయాలి. పై ముఖానికీ కింది ముఖానికీ డ్రిల్లు తగలకూడదు, బరువుకి వంగేటప్పుడు లాగుడు, నొక్కుడు ఎక్కువగా పడేది అక్కడే. పెట్టె ఛాసిస్‌లో బోల్టు ఇటు నుంచి అటు దూర్చి బిగిస్తే రెండు గోడలూ దగ్గరికి నొక్కుకుపోతాయి. అందుకని లోపల మందపాటి గొట్టం ముక్క, అంటే స్లీవ్, పెట్టి తీరాలి. స్లీవ్ లేకుండా బిగించిన బోల్టు ఆ రోజు గట్టిగానే ఉంటుంది, నెల తిరిగేసరికి వదులవుతుంది. కన్నం అంచుకి రంగు పూయకుండా బోల్టు దూర్చనివ్వకండి.

కన్నాలే వద్దు, యూ-బోల్టులతో చుట్టేద్దాం అనే వాళ్లూ ఉన్నారు. నాకు నచ్చదు. ఛాసిస్ వెంబడి బ్రేకు పైపు, డీజిలు పైపు పోతుంటాయి, వాటిని నొక్కుతాయి. రాయి తగిలితే జారతాయి. చుట్టు కింద బురద నిలుస్తుంది.

బోల్టు ఎం12, అంటే పన్నెండు మిల్లీమీటర్ల లావుది తీసుకోండి, తల మీద గట్టితనం చెప్పే అంకె 10.9 అని, కనీసం 8.8 అని ఉండాలి. ఏ అంకే లేనిది కొనకండి. మెరుస్తాయని స్టెయిన్‌లెస్ బోల్టులు అడుగుతుంటారు. మామూలుగా దొరికేవి వీటికన్నా మెత్తన, పైగా ఉప్పుతేమలో వాటి పక్కనున్న మామూలు ఇనుమే తుప్పు తింటుంది. నైలాన్ లాక్ నట్లు వేయండి. మొదటి వంద కిలోమీటర్లకి ఒకసారి, ఘాట్ ఎక్కి దిగాక ఇంకోసారి బిగుతు కొలిచే టార్క్ రెంచితో బిగించండి. తర్వాత ప్రతి సర్వీసుకీ.

వారం వారం రాళ్ల మీదే ఆడే బళ్లకి నేను వేసేది వేరు. పొడుగు ప్లేట్లు ఛాసిస్‌కి వెల్డింగ్, స్లైడర్ కాళ్లు ఆ ప్లేట్లకి బోల్టులు. నెలకోసారి తిరిగే మీకు అంత అక్కర్లేదు. దెబ్బ తింటే విప్పి కొత్తది బిగించుకుంటారు, బండి అమ్మేనాడు తీసి ఇంట్లో పెట్టుకుంటారు.

ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2017 డిసెంబరులో బళ్ల ముందు వేసే గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకి రాసింది కూడా. బోల్టులు వేస్తే చట్టం వర్తించదని నేననను. ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, అప్పుడు రండి.

ప్రశ్న: నాది డస్టర్. దానికీ ఇలాంటివి వేయించవచ్చా? – అనకాపల్లి పాఠకుడు

జవాబు: వద్దు. మీ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. కాళ్లు బిగించడానికి ఉన్నది తలుపు కింది మడత రేకే. మొదటి రాయికే అది నలిగి, తలుపు సరిగ్గా పడడం మానేస్తుంది. ఇంజను కింద రాళ్ల దెబ్బ కాచే స్కిడ్ ప్లేటు వేయించుకుని, రాళ్ల దారి ఉన్నచోట జీపు మాట్లాడుకోండి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, అరకులో హోమ్‌స్టే నడుపుతున్నాను. మా పాత జీపు రోజూ రాళ్ల దారిలోనే తిరుగుతుంది. ప్లేట్లు వెల్డింగ్ చేయించాలనే నిర్ణయించుకున్నాం. పని జరిగేటప్పుడు నేను దగ్గరుండి ఏం చూసుకోవాలి?

జవాబు: అమ్మా, మీ వాడకానికి వెల్డింగే సరి. బ్యాటరీ వైర్లు విప్పించండి, నెగటివ్ ముందు. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి జానెడు దూరంలోనే తగిలించమనండి, బంపర్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల మీదుగా తిరుగుతుంది. రంగు, తుప్పు గ్రైండరుతో గీకి ఇనుము తెల్లగా మెరిసే దాకా మొదలుపెట్టనివ్వకండి. ఛాసిస్ మీద నంబరు కొట్టిన చోటు ముందే చూపించి చాక్‌పీసుతో గీత గీయండి, గ్రైండరు ఆ గీత దాటకూడదు. ఆ నంబరు చెరిగితే మీరు తిరగాల్సిన ఆఫీసులు చాలా ఉంటాయి.

ప్లేటుకి పొడుగు వైపు మాత్రమే వెల్డింగ్ కొట్టమనండి, నిలువు అంచులు వదిలేయమనండి. వదిలిన సందులో నీళ్లు దిగకుండా సీలెంట్ పూయించండి. ఒకచోట రెండంగుళాలు కొట్టి, ఇంకోచోటికి పోయి, మళ్లీ రావాలి. ఏకబిగిన కొడితే ఛాసిస్ వంగుతుంది. సీఓటూ గ్యాసుతో వెల్డింగ్ చేసే మెషీన్ ఉంటే మంచిది, కానీ ఆరుబయట గాలి వీస్తే గ్యాసు చెదిరిపోతుంది, షెడ్డు లోపలే చేయించండి. 7018 రకం వెల్డింగ్ రాడ్లయితే పొయ్యిలో ఆరబెట్టినవేనా అని అడగండి. మన్యం చలికాలపు తేమలో డబ్బా తెరిచి ఉంచిన రాడ్లు పనికిరావు.

డీజిలు పైపులు, వైర్లు పక్కకి తప్పించి తడి గోనె కప్పించండి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. పని అయిపోయాక అరగంట బండి తీయకండి. సీటు కింద కార్పెట్ ఎత్తి నేలని చేత్తో తడమండి, బాడీ కింది రబ్బరు దిమ్మలు కూడా. వెచ్చగా తగిలితే నీళ్లు పోయించండి, చల్లబడ్డాకే తాళం తిప్పండి.