తుఫాను చూస్తూ కూర్చుంటే బీపీ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 61 ఏళ్లు. రిటైర్డ్ టీచర్‌ని. మాది సోంపేట దగ్గర పల్లె. బీపీకి రోజూ ఉదయం మాత్ర వేసుకుంటాను. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే చాలు, శాటిలైట్ ఫొటోలు చూడటం, కిటికీ దగ్గర కూర్చుని గాలి ఎటు తిరిగిందో నోట్‌బుక్కులో రాసుకోవడం నా సరదా. మొన్న వాయుగుండానికి రెండు రాత్రులు మేలుకున్నాను. మెడ పట్టేసింది. మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని వారంగా వాడుతున్నాను. బీపీ 160/100 వచ్చింది. ఈ పిచ్చి మానేయమని మా కోడలు గొడవ. మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు. తిత్లీ తుఫానును చూసిన ఊళ్లలో మబ్బు పడితే ఆకాశం వైపు చూడనివాళ్లెవరు?

నా అనుమానమంతా ఆ నొప్పి మాత్రల మీదే. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర పనినీ తగ్గిస్తాయి. పైగా మీది ఉద్దానం వైపు. అక్కడ కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో మీకు నేను చెప్పాలా? ఆ మాత్రలు ఈరోజే ఆపేయండి. ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. మెడకు వేడి కాపడం పెట్టుకోండి. ఫోన్ ఒళ్లో పెట్టుకుని తల వంచకుండా కళ్ల ఎత్తుకు పట్టుకోండి.

రెండోది నిద్ర. తెల్లవార్లూ మేలుకుని, పొద్దెక్కాక లేచారంటే ఉదయం మాత్ర ఎప్పుడు వేసుకున్నట్టు? తుఫానుగా మారాక వాతావరణ శాఖ బులెటిన్ సాధారణంగా మూడు గంటలకోసారే వస్తుంది, నిమిషానికోసారి ఫోన్ తీస్తే కొత్తగా ఏమీ కనిపించదు. పది గంటల బులెటిన్ చూసి పడుకోండి. తీరం దాటేది మీ వైపే అయితే ఆ రాత్రి వేరు. అప్పుడు ఇంట్లో అందరూ మేలుకునే ఉంటారు లెండి.

కిటికీ మాటకొస్తే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు దాదాపు 150 కిలోమీటర్లు. కొబ్బరిచెట్లే పడిపోయిన గాలికి గాజు ఎంత? రెక్కలు మూసి లోపలి గదిలోకి వెళ్లండి. నడుమ గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందని బయటికి రాకండి, అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. పిడుగులప్పుడు ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ ముట్టుకోవద్దు. కరెంటూ దారులూ రోజుల తరబడి పోతాయి కాబట్టి, అల్పపీడనం అనగానే రెండు వారాలకు సరిపడా బీపీ మాత్రలు తెచ్చి పెట్టుకోండి.

ఇక నొప్పి మాత్రలు ఆపాక వారం పాటు ఉదయం మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని బీపీ చూసుకోండి. గాలి వివరాల పక్క గడిలోనే రాయండి. సగటు 135/85 దాటితే ఆ నోట్‌బుక్కూ, మీరు మింగిన మాత్రల అట్టా రెండూ పట్టుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే మాత్రం వారం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.