పాడుబడ్డ పెరట్లో మొలిచింది కలుపేనా?

సందేహం: పాడుబడ్డ ఇంటి గురించి ఒక కథ రాస్తూ "పెరడంతా కలుపు మొలిచింది" అన్నాను. చదివిన స్నేహితురాలు "కలుపు కాదు, పిచ్చిమొక్కలు అనాలి" అంది. రెంటికీ తేడా ఉందా? ఇంకో అనుమానం కూడా. గునుగును మేం బతుకమ్మలో పేరుస్తాం, మా నాన్న మాత్రం చేలో కనబడితే కలుపని పీకేస్తాడు. ఒకే మొక్క అక్కడ పువ్వూ ఇక్కడ కలుపూ ఎలా అయింది? పంటలో కలిసిపోతుంది కాబట్టే కలుపు అన్నారా? (కామారెడ్డి జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ స్నేహితురాలిదే ఒప్పు. పంట లేనిచోట కలుపు ఉండదు.

మొక్క, తీగ, చెట్టు, దుబ్బు – ఇవి ఆ ఒక్కదాన్నీ చూసి చెప్పేయగల మాటలు. కలుపు అలా కాదు, అది తోడికోడలు లాంటి మాట. ఇంట్లో ఒక్కతే కోడలుంటే ఆవిణ్ని పట్టుకుని తోడికోడలు అనలేం కదా, ఇంకో కోడలు రావాలి. కలుపు కూడా అంతే, ఎవరో ఒకరు ఏదో ఒకటి విత్తాలి, దాని పక్కన విత్తనిది మొలవాలి, విత్తినవాడికి అది అక్కర్లేకపోవాలి. ఈ మూడూ కుదిరితేనే ఆ వరస. అందుకే వ్యవసాయ పుస్తకాల్లో కలుపు మొక్కల జాబితాలు ఎంత పొడుగ్గా ఉన్నా, ఫలానా మొక్క పుట్టుకతోనే కలుపు అనలేం.

మాట వాడుక కూడా దీన్నే చూపిస్తుంది. "ఒక కలుపు, రెండు కలుపులు" అని ఎవరూ అనరు. గడ్డి, మేత, చెత్త లాగా అదంతా కలిపి ఒకటే లెక్క, విడిగా ఒకదాన్ని చెప్పాల్సి వస్తే "కలుపు మొక్క" అనాలి. ఇక పనిపేరుగా వాడుక చూడండి: "రేపు కలుపుకొస్తావా?" అంటే మొక్క దగ్గరికి వస్తావా అని కాదు, కూలికి వస్తావా అని. నా చిన్నప్పుడు కలుపుకెళ్లిన ఆడవాళ్లు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నెత్తిన పచ్చటి మోపుతో వచ్చేవాళ్లు. పొద్దున చేలో పీకిందే అది. గట్టు మీద కుప్ప పోసే దాకా కలుపు, మోపు కట్టగానే మేత, ఇంటికొచ్చి గేదె ముందు పడేసేసరికి పచ్చిగడ్డి. అందులోంచే నాలుగు చెంచలి ఆకులో, ఎర్రగా సాగిన గంగవాయిలి కాడలో ఏరి కొంగులో మూట కట్టుకునేవాళ్లు, అది రాత్రికి పప్పులో కూర. ఒక్క రోజులో నాలుగు పేర్లు. మొక్క మాత్రం మారలేదు.

మీ గునుగు సంగతీ ఇదే. జొన్న చేలో, కంది చేలో వానాకాలం అది పంటతో పాటే లేస్తుంది, ఎరువూ తేమా పంచుకుంటుంది, పైగా ఒక్కో కంకి నుంచి నల్లగా మెరిసే సన్న గింజలు బోలెడు రాలుస్తుంది కాబట్టి ఈ ఏడు వదిలేస్తే వచ్చే ఏడు చేను దానిదే. మీ నాన్నగారి కోపం న్యాయమైనదే. అదే గునుగు బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్రమాసనాటికి పొలం గట్ల మీద తెల్లగా, కొసన కాస్త గులాబీగా పూసి నిలబడితే ఊళ్లో పిల్లలు దానికోసం పోటీ పడతారు, కట్టలు కట్టి తెచ్చి కంకులకు రంగులద్ది తాంబాలంలో వరసలు పేరుస్తారు. ఇంకో సంగతి చెబితే నవ్వుతారేమో, నైజీరియాలో యొరుబా వాళ్లు దీన్నే ఆకుకూరగా పనిగట్టుకుని సాగు చేస్తారు, సొకొ అంటారు. అక్కడి మడిలో దాని మధ్య మన జొన్న ఒకటి మొలిచిందనుకోండి, పీకేసేది జొన్ననే. మనవాళ్లు కుండీల్లో పెంచుకునే కోడిజుట్టు పువ్వు కూడా వృక్షశాస్త్రం లెక్కన గునుగు జాతిదే.

ఇంకా తికమక పెట్టేది ఊద. వరి మడిలో ఊద పెద్ద శత్రువు, ఎందుకంటే చిన్నప్పుడు అచ్చం వరి నారులాగే ఉంటుంది. కొత్తవాళ్లు వరిని పీకి ఊదను వదిలేస్తారు. ఆకు కాడను అంటుకునే చోట వేలితో వెనక్కి వంచి చూస్తే వరికి తెల్లటి చిన్న పొర నిలబడి కనిపిస్తుంది, ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. అదీ గుర్తు. ఇప్పుడు కిరాణా కొట్లో చిరుధాన్యాల వరసలో కొర్రలు, సామల పక్కన పెట్టి అమ్మే ఊదలు ఎక్కడివి? మన పొలాల్లోని ఆ అడవి ఊదనే ఒకప్పుడెవరో మచ్చిక చేసుకుంటే వచ్చిన పంట. పేరు కూడా వేరే పెట్టలేదు చూడండి.

ఇక విత్తనం కోసం వేసిన వరిలో వేరే రకం వరి మొలిస్తే దాన్నీ పీకాల్సిందే, అయినా కలుపు అనరు. కేళీలు అంటారు, బెరుకులు అంటారు. అంటే రైతు దృష్టిలో బయటివాడు వేరు, ఇంట్లో పుట్టిన తేడా మనిషి వేరు!

కలిసిపోతుంది కాబట్టి కలుపు అన్నారా అన్నది మీ మూడో ప్రశ్న. వినడానికి బాగుంది, చాలామంది అలాగే చెబుతారు, నాకు మాత్రం నమ్మకం లేదు. పక్క భాషలు చూడండి. తమిళంలో కలుపును కళై అంటారు, కన్నడంలో కళె, మలయాళంలో కళ. మూడింట్లోనూ ళ ఉంది. అదే కలవడం, కలపడం అనే అర్థంలో తమిళానికి కల, కన్నడానికి కలసు, అక్కడ ల ఉంది. అంటే వాళ్లకు ఇవి రెండు వేరువేరు మాటలు. తెలుగులో పాత ళ చాలాచోట్ల ల అయిపోయింది – తమిళం కళ్ మనకు కల్లు, ముళ్ మనకు ముల్లు – అందువల్ల రెండు మాటలూ వచ్చి ఒకే ఒరలో దూరి ఒకటే మాటలా కనబడుతున్నాయి. తమిళంలో కళై అనేది క్రియ కూడా, పీకేయడం, తొలగించడం అని అర్థం. కాబట్టి కలుపు అంటే కలిసేది అనేకంటే తీసేసేది అనుకోవడమే నాకు సబబుగా ఉంది.

పిచ్చిమొక్కకు ఈ గొడవేమీ లేదు. పిచ్చి అంటే ఎవరూ పట్టించుకోనిది, అడ్డూ అదుపూ లేనిది, పక్కన పంట ఉన్నా లేకపోయినా. గోడ పగుల్లో మొలిచినా పిచ్చిమొక్కే. పిచ్చి తులసి, పిచ్చి కుసుమ అన్నప్పుడు మాత్రం దానికి ఇంకో అర్థం, అసలు తులసిలానో కుసుమలానో ఉండి అది కానిది అని. ఇదే పనికి కుక్కను కూడా వాడతారు, వామింట కూర వండుకుంటాం, కుక్కవామింటను వదిలేస్తాం. కుక్క ఏం చేసిందో పాపం. వయ్యారిభామది దీనికి పూర్తిగా ఎదురు దారి. అమెరికా ఖండం నుంచి వచ్చి రోడ్ల పక్కనంతా పరుచుకుని, ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెప్పించే మొక్కకు అంత అందమైన పేరు పెట్టినవాళ్ల చమత్కారం నాకిష్టం.

పార్టీలో కలుపు మొక్కల్ని ఏరేస్తాం అని నాయకులు అంటుంటారు కదా, ఆ వాడుకా వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, అక్కడా ఒక పంట ఉందని వాళ్ల నమ్మకం.

మీ కథకొస్తే, ఆ వాక్యాన్ని "పెరడంతా పిచ్చిమొక్కలు లేచాయి" అని మార్చుకోండి. తర్వాతి పేజీల్లో ఎవరైనా ఆ ఇంట్లో దిగి బావి పక్కన నాలుగు వంగ మొక్కలు నాటేలా ఉంటే, అవి పాతుకున్న మర్నాటి నుంచి కలుపు అని రాసుకోవచ్చు.