సముద్రపు మంచు బండను చెక్కుతదా?

"మన నల్లగొండ గుట్టల మీది గుండ్లు ఎండకు, వానకు పొరలు ఊడి గుండ్రంగైనయి. కెనడా తూర్పు దిక్కున్న లాబ్రడార్ తీరంల బండలను సముద్రపు మంచు చెక్కిందంటే నమ్మొచ్చా?" అని అడిగిన్రు. సగమే నమ్మాలె.

చెక్కుడు దానికి అంత చాతకాదు. హిమానీనదం, అంటే నేల మీద మెల్లగ జారే మంచు, వందల మీటర్ల మందముంటది, ఆ బరువుతోటి కింది బండను అరగదీస్తది. సముద్రపు మంచు ఒక చలికాలంల సాధారణంగా రెండు మీటర్లు కూడా దాటదు, పైగా తేలుతుంటది. దాని అసలు పని, పగిలిన రాయిని మోసుకపోవుడు.

రాయిని పగలగొట్టేవి చలి, ఆటుపోట్లు. పోటుకు పగుళ్లల్ల నీళ్లు నిండుతయి, ఆటుకు చలిగాలి తగిలి గడ్డకడతయి. ఉప్పునీళ్లకు మైనస్ 1.8 డిగ్రీల దాకా చలి కావాలె. నీళ్లు మంచైతే సుమారు 9 శాతం ఉబ్బుతయి. మన దగ్గర బండ చీల్చేటోళ్లు వరుసగా గుంటలు కొట్టి ఇనుప చీలలు దిగ్గొట్టినట్టే. కానీ పగులు దాదాపు నిండి ఉండాలె. సగం ఖాళీ ఉంటే ఉబ్బిన మంచుకు జాగ దొరుకుతది, రాయికి ఏం కాదు. పగుళ్లు లేని గ్రానైట్ అందుకే మొండికేస్తది.

ఇగ మోసుడు. ఆటుకు మంచు పలక దిగి గుండు మీద కూసుంటది, రెండూ అతుక్కుంటయి, పోటుకు కలిసి లేస్తయి. లెక్క చూడుండ్రి: ఘనమీటరు మంచు ఉప్పునీళ్లల్ల తన బరువు పోను సుమారు 105 కిలోలు మోస్తది. ఘనమీటరు గ్రానైట్ 2,650 కిలోలు, నీళ్లల్ల మునిగితే 1,625. అంటే మీటరు మందం, నాలుగు మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న పలక చాలు. ఎండకాలానికి ముందు మంచు విరిగి కదిలినప్పుడు ఆ గుండ్లను ఆటు గీత దగ్గర వదిలేస్తది. లాబ్రడార్‌ల తీరం పొంటి కట్ట పోసినట్టు కనిపించే గుండ్ల వరుసలు గట్ల పడ్డయే.

చలికాలంల ఒడ్డుకు అతుక్కున్న మంచు అంచు అలలను ఆపి బండను కాపాడుతది కూడా. ఇది చాలామంది మరుస్తరు.

బండ మీది గీతలు చూసి ఏ మంచు గీసిందో తీర్పు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. లాబ్రడార్‌ను పాత మంచుయుగంల హిమఫలకం (నేలంతా పరుచుకున్న పెద్ద హిమానీనదం) కప్పేసింది, చాన గుండ్లకు గీతలు అప్పుడే పడ్డయి. కదలని బండ మీద గీతలు ఒకే దిక్కున, పోటు మట్టానికి పైదాక కూడా సాగితే అది హిమానీనదం పనే. ఆటుపోట్ల నడుమనే, పొట్టిగా, తలో దిక్కు ఉంటేనే సముద్రపు మంచును అనుమానించుండ్రి.