సారు దగ్గరికి ఒక ప్రశ్న పట్టుకెళ్ళు

నాయనా,

నీ ఉత్తరం అందింది. సారుని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారని నాకు ముందే తెలుసు, వెళ్ళి చూసొచ్చాను కూడా. గుండె బాగా నీరసించింది. కాళ్ళకి నీరు పట్టింది. మనిషి తగ్గారు గానీ మాట తగ్గలేదు. "మాకు చెరువులూ పిట్టలూ చూపించిన మనిషికి ఇప్పుడు రుణం ఎట్లా తీర్చుకోవాలి, ఏం తీసుకెళ్ళాలి" అని అడిగావు గదా. నాకు నేర్పిన పెద్దవాళ్ళని ఒక్కొక్కరినే సాగనంపిన వయసు నాది. తోచింది చెబుతాను.

ఆపిల్ పళ్ళూ హార్లిక్స్ సీసాలూ ఆ ఇంట్లో బల్ల మీద ఇక పట్టవు. శాలువా అసలే వద్దు. వచ్చిన ప్రతివాడూ మంచం పక్కన కుర్చీ లాక్కుని, "మీ వల్లే సార్ మేం ఇంతవాళ్ళమయ్యాం" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు. వాళ్ళని ఓదార్చలేక పాపం ఆయనకి ఆయాసం వస్తోంది. నువ్వు ఒక ప్రశ్న పట్టుకెళ్ళు. ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేనిదై ఉండాలి. తీతువు అరిచిన తీరు విని, అటు వచ్చింది కుక్కా మనిషా అని చూడకుండానే చెప్పేవారు గుర్తుందా? అదెట్లాగో అడుగు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్ళు కట్టని ఏడు ఎప్పుడైనా ఉందా, ఆ ఏడు చెరువులో నీళ్ళెంత ఉన్నాయి అని అడుగు. నేనడిగితే దిండుకి చేరబడి ఉన్న మనిషి లేచి కూర్చున్నారు. పక్కన కోడలు మాత్రల పెట్టె పట్టుకుని నిలబడితే, చెయ్యి అడ్డం పెట్టి, "ఉండమ్మా, వీడికి ఇది చెప్పనీ" అన్నారు. పేషెంటుగా ఉండీ ఉండీ విసిగిపోయారాయన. కాసేపు మళ్ళీ సారుగా ఉండనిస్తే చాలు.

ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చెయ్యి, కానీ చెప్పి చెయ్యి. ఫ్యాను ఆపించు, లేకపోతే ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప ఇంకేం వినపడదు. ఒక్కసారి పదీ పదిహేను నిమిషాలు మించొద్దు. పొద్దున కాఫీ తాగాక ఆయన గొంతు బాగుంటుంది, సాయంత్రానికి అలిసిపోతారు.

వినికిడి సంగతి ఒకటి చెప్పాలి. వయసు మీదపడ్డాక ముందు పోయేది సన్నటి శబ్దాలు. తేనెపిట్ట కీచుమనడం సారుకి వినపడి ఏళ్ళయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదంతే. ఇంట్లో కూర్చుని పిట్టల కూతలు వినిపించాలనుకుంటే జెముడుకాకి ఊఁ ఊఁ అనే గొంతులాంటి లావుపాటివి ఎంచుకో. సన్నవి పెట్టి, "వినపడిందా సార్" అని గట్టిగా అరవకు. మనలో ఎక్కువమంది చేసేది అదే.

ఇప్పుడు అసలు విషయం. ఒప్పుకుంటే, డాక్టరు సరేనంటే, ఆయన్ని ఒక్కసారి పులికాట్ సరస్సుకి తీసుకెళ్దాం. నేలపట్టు వద్దు. అక్కడ కాస్తయినా నడవాలి, పిట్టల్ని చూసే టవర్ కనపడిందంటే ఎక్కుతానంటారు, మొండిమనిషి. పులికాట్‌లో ఆ బాధ లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతుంది గాబట్టి కారు దిగకుండా రెండు పక్కలా చూడొచ్చు. పైగా మనిషి నడిచొస్తే లేచిపోయే పిట్టలు కారుని అంతగా పట్టించుకోవు. పొద్దున పోయేటప్పుడు ఎండ మొహాన కొడుతుంది. అందుకని ముందు అటకానితిప్ప దాటిందాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు నిదానంగా చూపించు, వెలుగు వీపు మీద ఉంటుంది. డ్యూటీల వేళ షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు వరసగా వస్తాయి. బండి రోడ్డు మీద ఆపకు, పక్కకి దింపు.

సారు పాత బైనాక్యులర్లు పదిరెట్లవి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, ఆ వణుకు కూడా పదింతలై కనపడుతుంది. నీ ఎనిమిదిరెట్లవి తీసుకురా. కళ్ళద్దాల మనిషి కదా, కంటి దగ్గరుండే రబ్బరు కప్పులు లోపలికి తిప్పి ఇవ్వు. కారు అద్దం సగం దించి, దాని మీద తువ్వాలు మడిచిపెట్టి, బైనాక్యులర్లు దాని మీద ఆనించమను. ఫ్లెమింగోలు తల తలకిందులుగా ముంచి ముక్కుతో బురదనీళ్ళు వడగడుతుంటాయే, ఆ తీరు ఆయనే నీకు మొదట చూపించింది. ఈసారి నువ్వు చూపించబోకు. ఆయన్నే వెతకనీ, ఆలస్యమైతే కానీ. "అదుగో సార్, అక్కడ సార్" అని తొందరపెట్టావా, నా చేత తిట్లు తింటావు.

నీరు పోవడానికి పొద్దున వేసే మాత్ర ఉంది. అది వేస్తే గంటకొకసారి బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. ఆ రోడ్డు మీద ఆ సౌకర్యం లేదు. వేళ మార్చొచ్చా అని డాక్టర్నే అడగాలి, మనంతట మనం మానిపించకూడదు. సీసా ఒకటి, ఒక పంచె కారులో పెట్టుకుందాం. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. చిన్నప్పుడు నువ్వు చెరువుగట్టున వాంతి చేసుకుంటే కడిగింది ఎవరనుకున్నావు?

ఇంకోటి. సారుకి నేర్పిందెవరో అడుగు. మనం సారు దగ్గరే ఆగిపోతాం గానీ, ఆయన వెనక పడవ తొక్కినవాళ్ళూ, వలలేసిన యానాది పెద్దలూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడా అచ్చుకాలేదు. కలివికోడి అనే పిట్ట సంగతి నీకు తెలుసుగా. 1900 తర్వాత కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకి అది దొరికిందంటే, పట్టి తెచ్చింది ఐతన్న అనే ఊరివాడు. చదువుకున్నవాళ్ళు ఎనభై ఏళ్ళకి పైగా లేదనుకున్న పిట్ట. సారు చెప్పే పేర్లలో ఎవరైనా ఇంకా బతికుంటే ఆ ఊరికి కూడా వెళ్ళిరా. వాళ్ళ ఇంటికి శాలువాలు కూడా రాలేదు.

ఆయన నోటుబుక్కులు బీరువా కింది అరలో ఉన్నాయి, వెండిపురుగు పట్టింది. అడగటానికి మొహమాటపడకు, కానీ ఇంటికి పట్టుకుపోకు. అక్కడే కూర్చుని పేజీ పేజీ ఫోటో తియ్యి. రాత గొలుసుకట్టు, ఆయన ఉండగా చదివించుకుంటేనే అర్థమవుతుంది. ఈబర్డ్‌లో, అదే చూసిన పిట్టల లెక్కలు రాసిపెట్టే వెబ్‌సైట్‌లో, పాత తేదీల జాబితాలు కూడా ఎక్కించొచ్చు. ఎన్ని పిట్టలో లెక్క రాయని చోట ఎక్స్ అని పెడితే సరిపోతుంది. ఫోన్లు లేని కాలంలో ఏ చెరువులో ఏ నెలలో ఏముందో రాసిపెట్టినవాళ్ళు మన వైపు ఎక్కువమంది లేరు. ఖాతా ఆయన పేరునే తెరువు, మొదటి జాబితా ఎక్కాక ఆయనకి చూపించు.

బైనాక్యులర్లు నీకిస్తానంటే ముందు మనవడికి కావాలేమో కనుక్కో. వద్దంటే వంకలు పెట్టకుండా తీసుకో. "అయ్యో, మీరే వాడాలి సార్" లాంటి అబద్ధాలు ఆయనకి నచ్చవు. సముద్రపు తేమకి లెన్సులో బూజు పడుతుంది, సిలికా జెల్ సంచి వేసి డబ్బాలో పెట్టు.

కృతజ్ఞత నోటితో చెప్పాలని మరీ ఉంటే వంటింట్లోకి వెళ్ళు. తెల్లారుజామున లేచి మీ గుంపుకంతా పులిహోర పొట్లాలు కట్టిచ్చిన అమ్మగారు అక్కడే ఉంటారు. ఆమెని ఇంతవరకూ ఎవరూ చెరువుకి రమ్మనలేదు. పులికాట్‌కి వెనక సీట్లో ఆమె కూడా వస్తారు, నేను అడిగేశాను.

పండక్కి వస్తానని రాశావు. అప్పటిదాకా ఆగొద్దు. ఫ్లెమింగో పండగ జనం మొదలైతే ఆ రోడ్డు మీద కారు నిలపడం కష్టం, సారు సంగతీ ఏ రోజుకారోజే. వచ్చే శనివారం రాత్రి బండెక్కితే తెల్లారేసరికి సూళ్ళూరుపేటలో దిగుతావు. సీటు ఎత్తుగా ఉన్న కారైతే ఆయనకి ఎక్కి దిగటం సులువు, అట్లాంటిది మాట్లాడి పెడతాను. డాక్టరు ఏమన్నాడో శుక్రవారం ఫోన్ చేసి చెబుతా.

ఉంటాను.
మీ మామయ్య