పెద్ద టైర్లు వేస్తే గేర్ రేషియో కూడా మార్చాలా?

కుటుంబంతో కొండదారులు తిరగడానికి సిద్ధం చేసే ఫుల్‌సైజ్ ట్రక్కుకు 31 అంగుళాల టైర్లు తీసి 35 అంగుళాలవి వేస్తే, చాలావరకు యాక్సిల్ గేర్ రేషియో (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె; అది పెద్దదైతే లాగుడు ఎక్కువ) కూడా మార్చుకోవాల్సిందే.

టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. అంటే ఇంజను లాగే బలం నేల దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది. పిల్లలు, సామాను, నీళ్లు, టెంటు అన్నీ ఎక్కాక ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లోటు బాగా తెలుస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాటిమాటికీ గేరు దించుతుంది, దాని ఆయిల్ వేడెక్కుతుంది.

ఉదాహరణకు, యాక్సిల్‌లో 3.73 రేషియో ఉందనుకోండి. 35 అంగుళాల టైర్లతో అది దాదాపు 3.30 లాగా పనిచేస్తుంది. పాత లాగుడు తిరిగి రావాలంటే 4.21 కావాలి. దానికి దగ్గరగా 4.10 ఉంటుంది గానీ, బరువు మోసే బండికి 4.56 నయం. ముందు, వెనక యాక్సిల్స్ రెండింటికీ ఒకే రేషియో ఉండాలి. తేడా ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ వేయగానే గేర్లు బిగుసుకుని దెబ్బతింటాయి. స్పీడోమీటర్‌ను కూడా సరిచేయించాలి, లేదంటే 100 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 113 దాకా ఉంటుంది.

‘లో రేంజ్ ఉందిగా, అది చాలు’ అని చాలామంది అనుకుంటారు. లో రేంజ్ అంటే ఫోర్ వీల్ డ్రైవ్‌లో వేగం బాగా తగ్గించి లాగుడు పెంచే గేరు; అది రాళ్ల మీద, బురదలో మెల్లగా పాకడానికే. ట్రయిల్ దాకా వెళ్లే తారురోడ్డు మీద దాన్ని వాడలేం, ప్రయాణంలో ఎక్కువ భాగం అదే మరి.