డాల్ఫిన్ల కోసం వస్తున్నావా? ముందు కానాగంత చేపల్ని కొలువు

శ్రీకాకుళం వైపు నుంచి ఒక అమ్మాయి రాసింది. "అక్కా, ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ అయింది. చెన్నైలో ప్రాజెక్టు పోస్టు వచ్చింది, పదకొండు నెలల కాంట్రాక్టు. సముద్రాన్ని కాపాడే పని చెయ్యాలని చిన్నప్పట్నుంచీ ఉంది, ఈత కూడా వచ్చు. అమ్మానాన్నేమో చేపల చదువుకి అంత దూరం ఎందుకు, బీఈడీ చెయ్యమంటున్నారు. రానా, వద్దా?"

ఏడాదికి నాలుగైదు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి నాకు. బందరు నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ చెన్నైలోనే చేపలు కొలిచే పనిలో పాతుకుపోయాను కదా, ఈసారి తీరిగ్గా రాస్తున్నా.

రా. ఈత సంగతి మాత్రం ముందే చెప్పేస్తా. ఇన్నేళ్ళలో ఉద్యోగం కోసం నీళ్ళలో మునిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఐసు కరిగిన చేపనీళ్ళలో మడమల దాకా నిలబడ్డ రోజులకి లెక్కే లేదు.

ఈ చదువుకి చెన్నై మంచి ఊరు. శాంథోమ్ హైరోడ్డు వైపు వెళ్తే సముద్ర చేపల మీద పరిశోధించే సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం, ఉప్పునీటి సాగు చూసే సిబా, రెండూ అక్కడే. పల్లికరణైలో సముద్ర సాంకేతికత మీద పనిచేసే ఎన్‌ఐఓటీ, కాసిమేడు హార్బరు పక్క రాయపురంలో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా, అన్నా యూనివర్సిటీ ఆవరణలో తీర నిర్వహణ కేంద్రం. ఒకచోట కాంట్రాక్టు అయిపోతే ఇంకోచోట అడగడానికి ఊరు మారక్కర్లేదు. పదకొండు నెలల బతుకుల్లో అది చిన్న సుఖం కాదు.

నీ అసలు ఆఫీసు కాసిమేడు. తెల్లారుజామున నాలుగింటికి అక్కడ ఏలం మొదలైపోయి ఉంటుంది. రోజుల తరబడి సముద్రంలో ఉండి వచ్చిన ట్రాలర్ల నుంచి బుట్టలు దిగుతుంటాయి, కుప్పలు పోస్తుంటారు, చేపలమ్మే ఆడవాళ్ళు కుప్పకీ కుప్పకీ మధ్య నుంచి నిన్ను మోచేత్తో పక్కకి నెట్టేస్తుంటారు. కోపంతో కాదు, వాళ్ళకి తెల్లారేలోగా బేరం తేలాలి. నువ్వు కొలబద్ద పట్టుకుని, ట్యూబులైటు కింద గొంతుక్కూర్చుని, ఒక్కో చేప పొడవు రాసుకోవాలి. అమ్ముడుపోయేలోపే. నీ ప్రాజెక్టు కోసం ఎవరూ ఏలం ఆపరు.

ముందు పేర్లు నేర్చుకో. కొన్ని సులువు. మన నెత్తళ్ళు ఇక్కడ నెత్తిలి, వంజరం వంజిరం. కవళ్ళు కవలై. అరవంలో కవలై అంటే దిగులు కూడా, నువ్వు కంగారు పడకు. చందువని వవ్వాల్ అంటారు, అంటే గబ్బిలం. పండుగప్ప కొడువా. కానాగంత కానాంగెళుత్తి. ఈ కానాగంత గురించి ఒక ముచ్చట. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో చేపలు పోగుచేసి, బొమ్మలు గీయించి, మనవాళ్ళు పిలిచే పేర్లతోనే 1803లో పుస్తకం వేశాడు. అందులోని పేరు పట్టుకుని ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే 1816లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అందుకే ప్రపంచంలో ఎక్కడ ఈ చేప గురించి రాసినా రాస్ట్రెల్లిజర్ కానగుర్తా అనే రాస్తారు. మన బెస్తవాళ్ళ నోటిమాట అది. నేను కొలిచిన మొదటి చేప కూడా అదే కావడం నాకు ఇప్పటికీ ముచ్చటే.

కొన్ని పేర్లు బోల్తా కొట్టిస్తాయి. వచ్చిన మొదటి వారం ఒకావిడ "వాళై" అంది. నేను మంచినీళ్ళలో ఉండే వాలుగ అని రాసేశా. మా సీనియరు షీటు చూసి, "సముద్రంలో వాలుగ ఎక్కడ దొరికిందమ్మా నీకు?" అన్నారు. ఆవిడ చూపించింది సావళ్ళని, రిబ్బనులా వెండి రంగులో ఉంటాయే, అవి. కళ్ళెదుట చేప ఉన్నా చెవిని నమ్మాను. ఆ షీటు ఆఫీసులో చాన్నాళ్ళు తిరిగింది.

అరవం రాదని భయపడకు, మూడు నెలల్లో వచ్చేస్తుంది. నీకు అంతకంటే పెద్ద ఆస్తి ఒకటుంది, నీ యాస. కాసిమేడు బోట్లలో కూలికొచ్చిన శ్రీకాకుళం కుర్రాళ్ళు బోలెడుమంది. 2020లో లాక్‌డౌన్ పడితే ఇక్కణ్ణుంచి సొంతూళ్ళకి సముద్రం మీదే పడవల్లో వెళ్ళిపోయినవాళ్ళు వాళ్ళే. ఒకసారి నేను గొరకలు కొలుస్తూ తెలుగులో అంకెలు గొణుక్కుంటున్నా. వెనకనుంచి ఒకడు, "ఏటి మేడం, సేపకి బద్దెట్టి కొలుత్తన్నారేటి?" అన్నాడు. ఆ తరవాత అరగంటలో, ఆ బోటు ఎక్కడ వల వేసిందో, ఎన్ని బారల లోతులో వేసిందో, ఒక్కో ఈడ్పు ఎన్ని గంటలు సాగిందో అన్నీ చెప్పాడు. ఓనరు చెప్పిన చోటు వేరు. బోటు తిరిగింది నెల్లూరు జిల్లా ఎదుట. ఒక చేప ఎక్కడ పట్టారో తప్పు రాస్తే మిగతా కొలతలెంత సరిగ్గా ఉన్నా ఉపయోగం సగానికి పడిపోతుంది. ఇక్కడివాళ్ళు లోతుని బాగం లెక్కన చెప్తారు, మన బారే అది, సుమారు ఆరడుగులు. ఆ కుర్రాడి పేరు గానీ బోటు నంబరు గానీ నా రిపోర్టులో రాయలేదు, నువ్వూ రాయకు. రాస్తే మర్నాటి నుంచి నీతో మాట్లాడేవాడుండడు, వాడికి పనీ ఉండదు.

కొలిచాక కొన్ని చేపల్ని కొనుక్కుని లాబుకి తేవాలి. పొట్ట చీల్చి జన, అంటే గుడ్లు, ఏ దశలో ఉందో చూడాలి. ఏ పొడవు దగ్గర సగం చేపలు మొదటిసారి జనకొస్తున్నాయో తేలితే, అంతకంటే చిన్నవాటిని పట్టొద్దని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. కేరళ 2015లో చేపలకి కనీస సైజు పెట్టింది ఇలాంటి లెక్కల మీదే. గొరక తలని కత్తితో నిలువునా కోస్తే రెండు పక్కలా లోపలి చెవిలో ఉండే తెల్లటి చెవిరాళ్ళు కనిపిస్తాయి, పింగాణీ ముక్కల్లా. అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఉల్లిపాయ పొరల్లా వలయాలు. చలి సముద్రాల్లో వాటితో వయసు ఇట్టే చెప్తారు. మన దగ్గర చలికాలం, ఎండాకాలం నీళ్ళకి పెద్ద తేడా ఉండదు కాబట్టి ఏడాది గీత స్పష్టంగా పడదు. కళ్ళు పోతాయి. నాకు అద్దాలొచ్చింది ఆ పనిలోనే అని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

2022లో దేశం మొత్తం సముద్రంలో పట్టిన చేప 34.9 లక్షల టన్నులని సీఎంఎఫ్‌ఆర్‌ఐ లెక్క. ఎవరూ అన్ని చేపల్నీ తూచరు. కొన్ని రేవులు, కొన్ని రోజులు, ఆ రోజు వచ్చినవాటిలో కొన్ని బోట్లు ఎంచుకుని, వాటిలో దిగిన సరుకు నుంచి మొత్తాన్ని అంచనా కడతారు. అంటే నీలా గొంతుక్కూర్చున్న ఒకరి తప్పు ఎన్నో రెట్లు పెరిగి పైకి పోతుంది.

దీనికి సంబంధించి నా తప్పొకటి చెప్పాలి. మూడో ఏడు కాంట్రాక్టు అయిపోయి నాలుగు నెలలు ఖాళీగా ఉండి, ఒక కన్సల్టెన్సీలో చేరాను. పేరు అనవసరం. ఒక క్రీకు దగ్గర కట్టబోయే జెట్టీకి పర్యావరణ నివేదిక రాయాలి. ఏప్రిల్‌లో సర్వే చేశాం. వానాకాలం సర్వేకి బండి పంపలేదు, "ఉన్నవే కాస్త అటూ ఇటూ మార్చి వేసెయ్యమ్మా" అన్నారు. వేశాను. నవంబరు వానల్లో క్రీకులో ఉప్పదనం పడిపోతుంది, ఏప్రిల్‌లో ఉన్న పీతలూ నత్తలూ అదే లెక్కలో ఉండవు. రెండో ఏడు పిల్లాడు చదివినా పట్టేసేవాడు. ఎవరూ పట్టుకోలేదు. రెండు నెలల్లో మానేశాను గానీ, ఆ టేబుల్ మాత్రం ఎక్కడో ఫైల్లో నా అంకెలతోనే ఉంది. అందుకే నీ ఫీల్డు నోటుబుక్కు పెన్సిలుతో రాసుకో, తడిసినా చెరగదు. రోజూ ఫోటో తీసి నీ దగ్గరుంచుకో. వెళ్ళని రోజుకి ఖాళీ వదిలెయ్.

ఉద్యోగం గురించి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సిబా లాంటి చోట్ల శాస్త్రవేత్తగా స్థిరపడాలంటే వ్యవసాయ శాస్త్రవేత్తల్ని ఎంపిక చేసే ఏఎస్‌ఆర్‌బీ పెట్టే ఏఆర్‌ఎస్ పరీక్ష రాయాలి. ఏ సబ్జెక్టుకి ఏ పీజీ పనికొస్తుందో నోటిఫికేషన్‌లో అక్షరం అక్షరం చదువు. రాష్ట్ర మత్స్యశాఖల ఉద్యోగాల్లో చాలావాటికి నాలుగేళ్ళ మత్స్యశాస్త్ర డిగ్రీ, బీఎఫ్‌ఎస్సీ, అడుగుతారు, నీ ఎమ్మెస్సీ అక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకో. ఈ మాట నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్య కాలేజీ ఉందని కూడా తెలియని ఇంటరు పిల్లలకి ఎవరూ చెప్పరు, అదే నా బాధ. నెట్ పరీక్ష కొడితే వచ్చే పరిశోధక భృతి, జేఆర్‌ఎఫ్, 2023 నుంచి నెలకి 37,000, ఇంటద్దె భత్యం వేరే. ప్రాజెక్టు పోస్టుకి చాలాసార్లు అంతకంటే తక్కువే. డబ్బే ముఖ్యమైతే నెల్లూరు, భీమవరం రొయ్యల కంపెనీలు ఎక్కువిస్తాయి, అందులో సిగ్గేం లేదు. మీ నాన్నకి కూడా ఆ ఉద్యోగమైతే ఇట్టే అర్థమవుతుంది.

ఇల్లు వెతికేటప్పుడు "సైంటిస్టు" అను. "చేపలు కొలుస్తా" అన్నావో, వాసనొస్తుందని అడ్వాన్సు వెనక్కిచ్చేస్తారు. నాకు అయింది. వేళచ్చేరి, తిరువాన్మియూరు వైపు చూడు, అక్కణ్ణుంచి మందవెళి దాకా ఎంఆర్‌టీఎస్ రైలుంది. ఫీల్డు బట్టలకి వేరే బకెట్టు.

సంరక్షణ అన్నావు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా విద్యార్థుల తాబేళ్ళ బృందం రాత్రిళ్ళు నీలాంకరై నుంచి బెసంట్‌నగర్ దాకా ఇసకలో నడుస్తూ ఆలివ్ రిడ్లే గూళ్ళు వెతుకుతుంది. 1988 నుంచి నడుస్తున్నారు. వాళ్ళతో వెళ్ళు. కానీ 2025 జనవరిలో ఈ తీరానికి వందలకొద్దీ చచ్చిన తాబేళ్ళు కొట్టుకొచ్చాయి. తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి. ట్రాలు వలలో గంటల తరబడి ఇరుక్కుంటే మునిగి చస్తుంది. వలలో తాబేలు బయటపడే చట్రం పెట్టొచ్చు. అది లేదనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపింది. చట్రంలోంచి చేప కూడా జారిపోతుందని బోటువాళ్ళ మొర. ఎంత జారిపోతుందో బోటెక్కి తూచి చెప్పేవాళ్ళు కావాలి. ఆడపిల్లని బోటెక్కించుకోవడానికి చాలామంది ఒప్పుకోరు. నాకు ఏడేళ్ళు పట్టింది, అదీ ఫైబరు పడవలో, పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పడవలో.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో చేరితే ట్రాలర్లన్నీ కట్టేసి ఉంటాయి, పని నేర్చుకోలేవు. చేరే తేదీ నీ చేతిలో ఉంటే జూన్ మూడోవారం అడుగు. వేట మొదలైన కొత్త, రేవు మీద కాలు పెట్టే చోటుండదు. ఏలం షెడ్డు ఉత్తరపు చివర నన్ను వెతుక్కో. రబ్బరు బూట్లు ఊళ్ళోనే కొనుక్కుని రా. ఆడవాళ్ళ సైజు ఇక్కడ దొరకడం కష్టం, నేను ఇప్పటికీ ఒక సైజు పెద్దవాటిలో రెండు జతల మేజోళ్ళు వేసుకుని తిరుగుతున్నా.